మొక్కుకున్నారు

మా ఇంటికి కొత్త మనిషి ఎవరొచ్చినా నన్ను ముందుకు పిలిచి ఒక మాట చెప్పేవాళ్ళు. మా నాయన చెబితే, "ఈ బిడ్డని సేవకు ఇస్తామని మొక్కుకున్నాం" అనేవాడు. మా అమ్మ చెబితే, "పుట్టకముందే మొక్కుకున్నారు" అని టీ గ్లాసు చేతికిచ్చి లోపలికి పోయేది. వచ్చినవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అంటూ నా నెత్తిన చెయ్యి పెట్టేవాళ్ళు. మనుబోలులో ఇంకెవరి నెత్తి మీదా అన్ని చేతులు పడి ఉండవు. నా జుట్టు పల్చబడటానికి కారణం అదేనని నాకు ఇప్పటికీ అనుమానం.

సంగతేమిటంటే, నేను ఏడో నెల కడుపులో ఉండగా నాయనను హైవే మీద లారీ కొట్టింది. రోడ్డు పక్కన మాకు పంచరు షాపు ఉంది. టైరు దొర్లించుకుంటూ రోడ్డు దాటబోయి లారీ కింద పడ్డాడు. నెల్లూరు ఆస్పత్రిలో కుడికాలు తీసెయ్యాలన్నారట. అప్పుడు జరిగింది ఈ మొక్కుబడి. కాలు నిలిస్తే పుట్టబోయే బిడ్డ దేవుడి సేవకు. కాలు నిలిచింది. కొంచెం కుంటుతాడు, అంతే. రెండు నెలలకు నేను పుట్టాను. మా అన్నకు అప్పటికి నాలుగేళ్ళు. వాడు మొక్కుబడికి ముందు పుట్టినవాడు కాబట్టి వాడి జోలికి ఎవరూ పోలేదు. నేను మాత్రం ఇచ్చేసిన బిడ్డనయ్యాను.

మా సంఘంలో ఇది వింతేమీ కాదు. జబ్బు పడినవాళ్ళు, బిడ్డలు నిలవనివాళ్ళు ఇట్లా మొక్కుకుంటారు. మగపిల్లాడైతే పాస్టరవుతాడు. ఆడపిల్ల అయితే శిక్షణ బడిలో రెండేళ్ళు చదివి, తెల్లచీర కట్టుకొని, ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పాలి. చూశారా తమాషా! ఆడపిల్ల ఊళ్ళు తిరగడం తప్పు కాదట, తెల్లచీరలో తిరిగితే చాలట.

నాకు ఐదేళ్ళప్పటి నుంచీ తర్ఫీదు మొదలైంది. ప్రార్థన కూడిక జరిగిన ప్రతి ఇంట్లో నన్ను స్టూలు ఎక్కించి వాక్యం అప్పజెప్పించేవాళ్ళు. అన్నకు సైకిలు కొన్నప్పుడు నాకూ కావాలని ఏడిస్తే, "నీకెందుకే, సేవకు పోయేదానివి" అన్నాడు నాయన. పొడుగాటి గౌను కావాలంటే అదే జవాబు. డిగ్రీ గూడూరులో చదువుతానంటే, "చదువుకో పాపా, ఆ మూడేళ్ళే నీవి" అన్నాడు. మూడేళ్ళు నావంట! మిగతావి ఎవరివో మరి. మొక్కుబడిగా చేయడం అంటే మనసు లేకుండా చేయడం అనే అర్థం కూడా ఉంది కదా. ఆ అర్థంలో నేను మంచి మొక్కుబడి బిడ్డను. పదహారేళ్ళు మొక్కుబడిగా కళ్ళు మూసుకున్నాను.

దేవుడితో నాకు తగాదా లేదు. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత ఎవరూ నా నోట్లో మాట పెట్టకుండా. ఆయన నన్ను అడగలేదు, నేను ఆయన్ను కాదనలేదు. మధ్యవర్తులతోనే నా తగాదా.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. అమ్మ ఊళ్ళో ఎలిమెంటరీ బడిలో తెలుగు టీచరు. ఎర్రపెన్ను లేకుండా ఆమె ఏ కాగితాన్నీ చదవలేదు. పెళ్ళి శుభలేఖ వచ్చినా తప్పులు చుట్టి గోడకు తగిలిస్తుంది. మర్యాద కూడా అట్లాగే, ఒక్క అక్షరం తగ్గనివ్వదు. మేం పిల్లలం "నాయన వచ్చాడు" అంటాం. ఆమె ఏనాడూ అనలేదు. బండి చప్పుడు వినబడగానే "వచ్చినారు, కంచం కడుగు" అంటుంది. మాట్లాడేదే తక్కువ. నాయన మాట్లాడుతుంటే ఆమె ఇంకా తక్కువ.

డిగ్రీ అయిపోయింది. శిక్షణ బడి అప్లికేషను మీద నాయన నా ఫోటో అంటించాడు. సంతకం కోసం నా ముందు పెట్టాడు. "రేపు పెడతాలే నాయనా" అన్నాను. తెల్లారి స్నేహితురాలి పెళ్ళి అని చెప్పి, రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకొని బస్సెక్కాను. పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. సూళ్లూరుపేటలో దిగి ఫోను ఆపేశాను.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఎక్కడెక్కడ ఉన్నానో మా వాళ్ళకు సగమే తెలుసు. సూళ్లూరుపేటలో బట్టల షాపులో చీరలు మడిచాను. సగం మంది కొనేవాళ్ళు తమిళంలో బేరమాడేవాళ్ళు, మిగతా సగం తెలుగులో తిట్టేవాళ్ళు. సెలవు దొరికితే బస్సెక్కి పులికాట్ ఒడ్డుకు పోయి నీళ్ళలో నిలబడిన ఎర్రకాళ్ళ కొంగలను చూసేదాన్ని. అవి కూడా ఎక్కడినుంచో వచ్చి కొన్నాళ్ళుండి పోతాయి. వాటిని చూడ్డానికి జనం కార్లేసుకొని వస్తారు. నేను అదే పని చేస్తే లేచిపోయిందన్నారు. తర్వాత తడలో కొన్నాళ్ళు, కోట అనే ఊళ్ళో కొన్నాళ్ళు. ఆ తర్వాత ఉత్తరంగా వచ్చి జువ్వలదిన్నెలో ఆగాను. అక్కడ హార్బరు దగ్గర ఒక అక్క కొట్టు నడుపుతోంది. వేటకు పోయే బోట్లకు వారం పది రోజులకు సరిపడా బియ్యం, ఉల్లిగడ్డలు, చింతపండు, కారం మూటలు కట్టి ఇచ్చే కొట్టు. ఆ మూటలు కట్టడం నా పని. వెనక గదిలో నివాసం. మేడ మీద నుంచి సముద్రం కనబడుతుంది.

ఇంటికి ఫోను చేస్తే అన్న ఎత్తేవాడు. "సముద్రం కాడ జాగర్తమే. దేవుడి పిలుపు తప్పించుకొని పారిపోయినోణ్ణి బైబిల్లో చేప మింగింది" అనేవాడు. "ఇక్కడ నేనే రోజూ చేపల్ని మింగతా ఉండానులే" అని పెట్టేసేదాన్ని. వాడి వేళాకోళంలో ఏదో మంట ఉందని అప్పుడు పట్టించుకోలేదు.

ఈ తిరుగుళ్ళన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రతి కొత్త సంవత్సరం మా సంఘంలో ప్రసంగాలు రాసుకోవడానికి ఒక లావుపాటి నోటుబుక్కు ఇస్తారు. అట్ట మీద ఒక వాక్యం, కింద పావురం బొమ్మ. పారిపోయేటప్పుడు సంచిలో అదే ఉంది. కొత్తది ఎందుకులే అని అందులోనే రాయడం మొదలుపెట్టాను. ఏ ఊళ్ళో ఏం తిన్నానో, ఎవరు ఏమన్నారో. అది రాస్తూ రాస్తూ ఇంటి మీద కోపం రాశాను. రాసేకొద్దీ ఊరింది, చెలమలో నీళ్ళు ఊరినట్టు. లోపల అంత ఉందని నాకే తెలియదు.

ఏటా వేసవిలో పెట్టే చేపల వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ ఒడ్డున కట్టేశారు. బోట్లు కదలకపోతే మూటలెవరికి? "రెండు నెల్లు ఇంటికి పోయిరా పాపా, అమ్మను చూసినట్టుంటది" అంది కొట్టు అక్క. వెళ్ళాను. బుద్ధి తక్కువై వెళ్ళాననుకున్నాను కొన్నాళ్ళు. ఇప్పుడు అనుకోవడం లేదు.

నాయన ఒక్క మాట కూడా తిట్టలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పైగా రొయ్యలు తెచ్చాడు. నేను రోజూ మధ్యాహ్నం ఆ పావురం నోటుబుక్కు ముందేసుకొని రాసుకోవడం చూసి మురిసిపోయాడు. బిడ్డ వాక్యం ధ్యానిస్తోందనుకున్నాడు పాపం. "దేవుడు దాని మనసు తిప్పినాడు" అని షాపులో చెప్పుకున్నాడట. నాకు తెలియకుండా పాస్టరుగారితో, మేం అయ్యగారు అంటాం, మాట్లాడి వచ్చాడు. జూన్‌లో శిక్షణ బడిలో సీటు ఖాయం చేశాడు. నా సంతకం లేకుండా సీటెట్లా ఇచ్చారో అడక్కండి. నాయన మా సంఘంలో పెద్ద.

గురువారం సాయంత్రం మా ఇంట్లో కూడిక పెట్టాడు. ముప్ఫై మంది దాకా వచ్చారు. చాపలు వేశాం. పాటలయ్యాయి. అమ్మ టీ కలుపుతోంది. నేను బిస్కెట్లు పళ్ళెంలో సర్దుతున్నాను. నాయన గొంతు సవరించుకొని, "మా బిడ్డ ఈ రోజుల్లో ఎంత రాసుకునిందో మీరే చూడండయ్యగారూ. సాక్ష్యంగా ఉంటాది, చదవండి" అన్నాడు. తల తిప్పి చూసేసరికి పావురం నోటుబుక్కు అయ్యగారి చేతిలో ఉంది.

నా చేతిలో పళ్ళెం అట్లాగే ఉండిపోయింది. అయ్యగారు కళ్ళజోడు పెట్టుకొని, మధ్యలో ఒక పేజీ తెరిచి, ప్రసంగం గొంతుతోనే ఎత్తుకున్నారు. నెమ్మది మనిషి, ఏది చదివినా చివరిదాకా చదవడం ఆయన అలవాటు.

"సూళ్లూరుపేట. ఈ రోజు నన్ను ఎవరూ ప్రార్దన చెయ్యమనలేదు. హాయిగా ఉంది. మా ఇంట్లో ఏది చెడినా నా వల్లే. కంప్రెషర్ కాలిపోతే నేను సేవకు పోలేదని. బోరు ఎండితే నేను సేవకు పోలేదని. అన్న సంబందం తప్పిపోతే నేను సేవకు పోలేదని. దేవుడికి నా మీద అంత కోపం ఉంటే నన్నే కొట్టొచ్చు కదా, మద్యలో కంప్రెషర్ ఏం చేసింది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారికి ఇంకా అర్థం కాలేదు. ఇదేదో పశ్చాత్తాపానికి ముందు భాగం అనుకున్నారేమో, పేజీ తిప్పారు.

"నన్ను అడగకుండా అమ్మా నాయనా మొక్కుకున్నారు. నాయన నడవడానికి నా కాళ్ళు ఇచ్చేశారు. నాయన మీద నాకు అంత బాద లేదు. ఆయన చావుబతుకుల్లో ఉన్నాడు, భయంలో ఎవరైనా ఏదైనా అంటారు. అమ్మకేమైంది? ఆమె బాగానే ఉంది కదా. పక్కనే ఉంది కదా. నేను ఉన్నది ఆమె కడుపులో. ఆమె ఎట్లా ఒప్పుకుంది? ఆమెను నేను..."

అక్కడ ఆగిపోయారు. ఆ తర్వాత ఏముందో నాకు తెలుసు. ఆమెను నేను ఎప్పటికీ క్షమించను అని ఉంది. అయ్యగారు మంచివారు, అది లోపలే చదువుకొని నోటుబుక్కు మూసేశారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ టీ పోస్తోంది. ముప్ఫై గ్లాసుల్లో ఒక్కదాని అంచు కూడా తడవలేదు. వరసగా అందరికీ ఇచ్చింది. నాకూ ఇచ్చింది.

సిగ్గుపడ్డానా? పడ్డాను. నా లోపలి మాట చాపల మీద పరిచి ముప్ఫై మంది చూస్తే సిగ్గుండదా? కానీ తప్పు రాశానని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు. రాసింది నేను. చదవమని ఇచ్చింది ఆయన.

అందరూ పోయాక నాయన నా ముందు నిలబడ్డాడు. ముఖం నల్లబడిపోయింది.

"ఆదివారం ప్రభు భోజన సంస్కారం ఉండాది. సంఘం ముందర నిలబడు. ఈ బుక్కులో ఉండేదంతా అబద్ధం, సాతాను రాయించినాడని చెప్పు. చెప్పి రొట్టె తీసుకో. జూన్‌లో బడికి పో."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఈ గడప తొక్కబాక. నాకు కూతురు లేదనుకుంటా."

"నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు నాయనా."

"పెళ్ళి అని చెప్పి పోయినావే, అదేంది?"

నిజమే కదా మరి. నాయన నోటుబుక్కును అమ్మ చేతిలో పెట్టి, "నీళ్ళపొయ్యిలో పెట్టు దీన్ని" అన్నాడు. అమ్మ "సరేనండీ" అంది. నా ఏడాదిన్నర ఆమె చంకలోకి పోయింది. ఆ ఒక్క "సరేనండీ"కి నాకు నాయన మీద కన్నా పదింతలు కోపం వచ్చింది. జీవితమంతా ఆమె అన్నది ఆ మాటే కదా, ఆస్పత్రిలో కూడా ఇట్లాగే అని ఉంటుంది అనుకున్నాను.

తెల్లారి షాపు దగ్గరికి పోయాను, అన్న ఏమైనా నా పక్షం మాట్లాడతాడేమోనని. వాడు ట్యూబు తొట్లో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. తలెత్తలేదు.

"నీకు సైకిలు కొనలేదని రాసుకున్నావంట."

"కొనలేదు కదా."

"నాకు కొన్నారు. దాని మీద యాడికి పోయినాను? ఇంటికి, షాపుకి. నువ్వు పోయినాక ఈ పంచర్లు ఎవురు ఏసినారు? నాయన కాలు నొప్పంటే ఎవురు తైలం రాసినారు? నిన్ను దేవుడికి ఇచ్చినారు, నువ్వు తప్పించుకున్నావు. నన్ను ఎవురికీ ఇయ్యలేదు, నేను ఈడనే ఉండిపోయినాను. నేనేడ రాసుకోవాల?"

వాడు అంత పొడుగ్గా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. బుడగలు దొరికిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టుకున్నాడు. నా కోపం ఒక్కటే ఆ ఇంట్లో ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. వాడి బాధ నిజం. కానీ వాడి బాధ నిజమైనంత మాత్రాన నాది అబద్ధం అయిపోదు. ఆ మాటే అన్నాను. "పో, మొండిదానా" అన్నాడు. అన్నాడు గానీ, పోయేటప్పుడు సోడా తెప్పించి ఇచ్చాడు.

శుక్రవారం, శనివారం అమ్మ వరండాలో కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతూనే ఉంది. బడి సెలవులకు ముందు ఏటా ఉండే పనే. పక్కన పేపర్ల కట్ట, ఒళ్ళో అట్ట, చేతిలో ఎర్రపెన్ను. ఒకటి రెండు సార్లు పెన్ను ఆపి చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ ఉండిపోవడం చూశాను. ఏ పిల్లోడో ఘోరంగా రాసి ఉంటాడనుకున్నాను. నీళ్ళపొయ్యి దగ్గరికి రెండు సార్లు పోయి బూడిద కెలికి చూశాను. అట్ట ముక్క కూడా కనబడలేదు. పూర్తిగా కాలిపోయి ఉంటుందనుకొని అక్కడే కూర్చొని ఏడ్చాను.

ఆదివారం పొద్దున గుడికి బయల్దేరుతుంటే అమ్మ నా సంచిలో ఏదో పెట్టింది. లావుగా తగిలింది.

"చూసుకో" అంది. "బాధకు ఒత్తు ఉండాల. తెలుగు టీచరు కూతురివి, బాధకు ఒత్తు పెట్టకపోతే ఎట్టా?"

అంతే. కొంగు సర్దుకొని ముందు నడిచింది.

మా గుడిలో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క చాపల మీద కూర్చుంటారు. నాయన ముందు వరసలో ఉన్నాడు. అమ్మ నాకు రెండు వరసల ముందు. మొదటి పాట నడుస్తుండగా సంచిలో చెయ్యి పెట్టి తీశాను. పావురం నోటుబుక్కు. కాలలేదు, ఒక మూల మసి కూడా లేదు. తెరిచాను. పేజీ నిండా ఎర్ర గీతలు.

బాద చుట్టి బాధ. ప్రార్దన చుట్టి ప్రార్థన. మద్యలో చుట్టి మధ్యలో. సంబందం చుట్టి సంబంధం. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. నా కడుపుమంట ఆమెకు డిక్టేషను పేపరా? భయం అని ఒక్కటి సరిగ్గా రాశానట, దానికి టిక్కు పెట్టింది! ఆమెను ఎప్పటికీ క్షమించను అని రాసిన చోట కూడా చూశాను. అక్కడ ఏ గీతా లేదు. ఆ వాక్యంలో తప్పుల్లేవు. ఆ పేజీ అక్కడే చించి ఆమె ఒళ్ళో విసిరేద్దామనుకున్నాను.

అప్పుడు అదే పేజీలో పైన ఇంకో వాక్యం కనబడింది.

"నన్ను అడగకుండా అమ్మా నాయనా మొక్కుకున్నారు." నేను రాసిన వాక్యం. అందులో "అమ్మా" అడ్డంగా కొట్టేసి ఉంది. "నాయనా"లో చివరి దీర్ఘం కొట్టేసి ఉంది. మొదట్లో "నన్ను" కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో "మనల్ని" అని రాసి ఉంది. "మొక్కుకున్నారు"కు మాత్రం టిక్కు. దాన్ని మార్చే పని పడలేదు.

మనల్ని అడగకుండా నాయన మొక్కుకున్నారు.

ఎన్నిసార్లు చదివానో తెలియదు. పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, అందరూ కళ్ళు తెరిచారు. నా చెవుల్లో ఒకటే మోగుతోంది. "పుట్టకముందే మొక్కుకున్నారు." టీ గ్లాసు ఇచ్చి లోపలికి పోయేటప్పుడు అమ్మ అన్న మాట. వెయ్యిసార్లు విన్నాను. ఇద్దరూ అనే అనుకున్నాను. ఆమె కూడా మొక్కుకొని ఉంటే "మొక్కుకున్నాం" అని ఉండేది కదా, నాయన అన్నట్టే! ఒక్కనాడైనా అనలేదు. ఆమె చెప్పింది ఒక్క మనిషి గురించి. మర్యాద ఇచ్చి చెప్పింది, అంతే. ఆ మర్యాద వెనక ఆమె ఉందని ఇరవై రెండేళ్ళు నేను కనిపెట్టలేకపోయాను. తెలుగు టీచరు కూతురిని, చెవులున్నాయి, ఏం లాభం?

ఇంకొకటి. వ్యాకరణం ప్రకారం అక్కడ "మమ్మల్ని" రావాలి. అమ్మకు ఆ తేడా తెలియదంటే నమ్మేది లేదు, మూడో తరగతి పిల్లలకు ఆ తేడా నేర్పేదే ఆమె. "మనల్ని" అని రాసిందంటే అది అయ్యగారు చదవడానికి కాదు, సంఘం వినడానికి కాదు. నాతో చెప్పింది. పేపర్ల కట్ట మధ్యలో పెట్టుకొని రెండు రోజులు దిద్దింది దీన్నే. ఏడో నెల కడుపుతో ఆస్పత్రి వరండాలో కూర్చొని ఉన్న మనిషి కనబడింది నాకు. ఆమెను కూడా ఎవరూ అడగలేదు. అడిగితే ఏమని ఉండేదో ఆమెకైనా తెలుసో లేదో.

"మన పెద్దగారి బిడ్డ ఒక మాట చెబుతుంది" అన్నారు అయ్యగారు.

లేచాను. అందరూ నా వైపు తిరిగారు. నాయన మాత్రం తిరగలేదు, చెవి ఇటు పెట్టాడు. ముందు బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది. చెప్పేస్తే పని అయిపోతుంది. రొట్టె తిని, జూన్‌లో బడికి పోయి, తెల్లచీర కట్టుకొని, ఊరూరా తిరిగి, ఇంకో ఆడపిల్ల నెత్తిన చెయ్యి పెట్టి స్తోత్రం అనొచ్చు.

"నేను రాసినదాంట్లో తప్పు ఉండాది" అన్నాను.

నాయన భుజాలు కిందికి దిగాయి. ఎవరో "స్తోత్రం" అన్నారు.

"ఒక్కటే తప్పు. అమ్మా నాయనా మొక్కుకున్నారని రాసినాను. అది తప్పు. మనల్ని అడగకుండా నాయన మొక్కుకున్నారు. ఇది సరైన వాక్యం. నేను ఎవరికీ ఇచ్చేసినదాన్ని కాదు. జూన్‌లో నేను బడికి పోవడం లేదు."

నాయన నేలకు చెయ్యి ఆనించి లేచాడు. కాలు ఇబ్బంది పెడితే అట్లాగే లేస్తాడు. నా వైపు కాదు, ఆడవాళ్ళ వరసల వైపు తిరిగాడు. అమ్మను చూశాడు.

"మొక్కుకున్నాం" అన్నాడు. "ఇద్దరం. మేమిద్దరం మొక్కుకున్నాం."

ఇప్పుడు నేను జువ్వలదిన్నెలో ఉన్నాను. బోట్లు మళ్ళీ కదిలాయి, రోజూ మూటలు కడుతున్నాను. నాయన నాతో మాట్లాడడు. నేను గడప తొక్కితే మాత్రం తొక్కొద్దని అనడు, పోయిన నెల తొక్కి చూశాను. అన్న ఒక ఆదివారం షాపు మూసి, బండేసుకొని ఇక్కడికొచ్చి, మేడ మీద కూర్చొని సముద్రం చూసిపోయాడు. ఈ సంగతులన్నీ అదే నోటుబుక్కు చివరి పేజీల్లో రాస్తున్నాను, ఒత్తులు చూసుకుంటూ. ఇవేవీ నా ధైర్యం వల్ల జరగలేదు. నేను నిలబడి చెప్పింది నిజమే, కానీ నాయన "ఇద్దరం" అన్నాక ఆ గుడిలో నా మాట ఒక మొండి పిల్ల మాటగానే మిగిలి ఉండేది. అందరూ అమ్మ "సరేనండీ" అంటుందనే ఎదురుచూశారు. నేనూ అదే అనుకున్నాను.

అమ్మ లేవలేదు. చాప మీద కూర్చొనే, బడిలో చివరి వరసకు వినబడేలా చెప్పే గొంతుతో, నాయన ముఖంలోకి చూస్తూ దిద్దింది.

"మొక్కుకున్నాం కాదు. మొక్కుకున్నాడు."